మంచం పక్కన కల్యాణి

బిమల్ రాయ్ స్మారకోపన్యాసం: ముద్రిత పాఠం

వందమంది రాజుల్ని బలి ఇవ్వాలని ఒక్కొక్కరినే పట్టుకొచ్చి చెరలో వేసిన జరాసంధుడి కథ భారతం విన్న ప్రతివాళ్లకూ తెలుసు. బెంగాల్ జైళ్ల శాఖలో ఉద్యోగం చేసిన చారుచంద్ర చక్రవర్తి కథలు రాయబోతూ ఏరికోరి ఆ పేరే పెట్టుకున్నాడు. జైలు ఉద్యోగికి ఇంతకంటే గడుసైన కలంపేరు దొరకదు. ఖైదీల తలలు లెక్కపెట్టిన చేత్తోనే ఖైదీల కథలూ రాశాడాయన. ‘లౌహ కపాట్’, అంటే ఇనుప తలుపు, తపన్ సిన్హా చేతిలో 1958లో సినిమా అయింది. ‘తామసి’ అనే నవల బిమల్ రాయ్ చేతికొచ్చి 1963లో ‘బందిని’ అయింది. యావజ్జీవ శిక్ష పడిన స్త్రీని ఆ జైలు డాక్టరు ప్రేమించిన కథ అని దాన్ని ఒక్క ముక్కలో చెప్పేస్తుంటారు. నిజమే. కాకపోతే అది డాక్టరు కుర్చీలోంచి చెప్పిన కథ. ఖైదీ వైపు నుంచి చెబితే ఇంకోలా ఉంటుంది. ఈ ప్రసంగం ఆ రెండో వైపు కోసం.

బిమల్ రాయ్ 1909 జులై 12న ఢాకా ప్రాంతంలో పుట్టాడు, 1966 జనవరి 8న బొంబాయిలో పోయాడు. యాభై ఏడేళ్లు కూడా నిండలేదు. మనిషి మొదట కెమెరా వెనకవాడు. 1930ల్లో పి.సి. బారువా తీసిన హిందీ ‘దేవదాస్’కి కెమెరా పట్టినవాడే 1955లో దిలీప్ కుమార్‌తో అదే కథను మళ్లీ తీశాడు. ఆ రెంటి మధ్యా 1953లో అక్కినేని, సావిత్రిల ‘దేవదాసు’ వచ్చిందని తెలుగువాళ్లకు వేరే చెప్పాలా? ఆయన ‘దో బీఘా జమీన్’ కాన్ చిత్రోత్సవం దాకా వెళ్లి బహుమతి తెచ్చింది. ఫిల్మ్‌ఫేర్ వాళ్లు ఆయన్ని ఏడుసార్లు ఉత్తమ దర్శకుడన్నారు, ఏడోసారి ‘బందిని’కి. దర్శకుడిగా ఆయన పూర్తిచేసిన ఆఖరి కథాచిత్రం కూడా అదే.

కథ 1930ల నాటి బెంగాల్‌లో, ఒక జైల్లో మొదలవుతుంది. ఆడవాళ్ల వార్డులో ఒక ముసలి ఖైదీకి క్షయ. దగ్గరుండి చూసేవాళ్లు కావాలి. ఎవరూ ముందుకు రారు. హత్యానేరం మీద శిక్ష అనుభవిస్తున్న కల్యాణి, నూతన్ వేసిన పాత్ర, తాను చూస్తానంటుంది.

ఈ ఒక్క మాట బరువు ఈనాటి ప్రేక్షకుడికి తెలియకపోవచ్చు. క్షయకు పనిచేసే మొదటి మందు స్ట్రెప్టోమైసిన్‌ను 1943లో గాని కనిపెట్టలేదు. అప్పటిదాకా వైద్యమంటే మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం పేరు తెలుగునాట ఇంటింటా వినబడిందంటే ఆ మూడూ అక్కడ దొరికేవి కాబట్టే. జైల్లో దొరకనివి సరిగ్గా ఆ మూడే. అంచేత క్షయరోగి మంచం పక్కన కూర్చుంటాననడం దయ ఒక్కటే కాదు, తన ప్రాణం మీద తనకు ఆశ లేదని చెప్పడం. జైలు డాక్టరు దేవేన్‌కి ఆ సంగతి అర్థమవుతుంది. రోగికి చేసిన హెచ్చరికలు అతను కల్యాణికీ చేస్తాడు. ఆమె వినదు. ఆ వినకపోవడంలోనే అతని మనసు చిక్కుకుంటుంది.

దేవేన్ పాత్ర వేసిన ధర్మేంద్ర అప్పటికి సినిమాల్లోకి వచ్చి మూడేళ్లయింది. తరవాతి రోజుల్లో కండబలంతో పేరు తెచ్చుకున్న మనిషి ఇందులో గొంతు పెంచడు. తెల్లకోటు, మెత్తని మాట, ఎక్కడ నిలబడాలో తెలియని ఇబ్బంది. ఆ ఇబ్బంది నటుడి అనుభవలేమి వల్ల వచ్చిందో, దర్శకుడు అడిగి చేయించుకున్నాడో గానీ, పాత్రకి మాత్రం అతికినట్టు సరిపోయింది.

జైల్లో డాక్టరు నిలబడే చోటు అసలే ఇబ్బందికరమైంది. బ్రిటిష్‌వాళ్లు 1894లో చేసిన జైళ్ల చట్టాన్ని ఒకసారి తిరగేస్తే తెలుస్తుంది. జైలు శుభ్రత చూసే బాధ్యత ఆయనదే. కొత్తగా వచ్చిన ఖైదీని పరీక్షించేదీ ఆయనే. ఒంటరి గదిలో పెట్టినవాణ్ని రోజూ వెళ్లి చూడాలి. జైలు కట్టుబాట్ల వల్ల ఖైదీ మతి చెడేలా ఉందని తోస్తే సూపరింటెండెంటుకి రాసి చెప్పాలి. ఇంతవరకు బాగుంది. అదే చట్టం ప్రకారం కొరడా దెబ్బలకు ఈ ఒళ్లు ఆగుతుందా లేదా అని చూసి రాసిచ్చేదీ ఆయనే, కొట్టేటప్పుడు పక్కన ఉండాల్సిందీ ఆయనే. ఒక చేత్తో నాడి పట్టుకుని రెండో చేత్తో దెబ్బలకు అనుమతి రాసే ఉద్యోగం అది. క్రమశిక్షణ పేరుతో వేసే శిక్షల్లో జైలు వైద్యుడికి ఏ పాత్రా ఉండకూడదని ఐక్యరాజ్యసమితి నెల్సన్ మండేలా పేరు పెట్టుకున్న నియమాల్లో రాసుకునేసరికి 2015 వచ్చింది.

అయినా నాలుగు గోడల మధ్య ఖైదీని ‘ఎక్కడ నొప్పి?’ అని అడిగే అధికారి ఆయన ఒక్కడే. మిగతావాళ్లంతా నంబరు అడుగుతారు. జైలు కథల్లో ప్రేమ పుట్టించాలనుకున్న రచయితలు పదేపదే ఆస్పత్రి గది తలుపే తట్టడానికి కారణం ఇదే. జైల్లో మనిషి మనిషిని చట్టబద్ధంగా ముట్టుకోగలిగే చోటు అదొక్కటి.

ముట్టుకోవచ్చు, ప్రేమించవచ్చా? ఇక్కడే చిక్కు. ఒకరి చేతిలో తాళం, ఇంకొకరి చేతికి సంకెల ఉన్నప్పుడు ఆ రెండోవారు ‘సరే’ అన్నా అది సరే కాదు. మన చట్టానికి ఈ సంగతి ఆలస్యంగా తట్టింది. పోలీస్ స్టేషన్లో అత్యాచారం ఆరోపణ మీద నడిచిన మథుర కేసులో పోలీసుల్ని సుప్రీంకోర్టు వదిలేశాక దేశమంతా రేగిన ఆందోళన ఫలితంగా 1983లో శిక్షాస్మృతిని సవరించారు. జైలు అధికారులు, ఆస్పత్రి సిబ్బంది తమ హోదాను వాడుకుని స్త్రీని లొంగదీసుకుంటే, ఆమె ఒప్పుకున్నట్టు కనిపించినా, అది నేరమని అప్పుడు రాశారు. సూపరింటెండెంటు అంటే ఆ పదవిలో ఉన్నవాడే కాదని, ఖైదీల మీద ఏ పాటి అధికారమున్న ఉద్యోగి అయినా ఆ లెక్కలోకే వస్తాడని వివరణ కూడా చేర్చారు. ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో అది 68వ సెక్షన్: కనీసం ఐదేళ్లు, గరిష్ఠంగా పదేళ్లు. ‘బందిని’ విడుదలైన ఇరవై ఏళ్లకు వచ్చిన ఈ వివేకం ఆ సినిమాలో ముందే ఉంది. కల్యాణి జైల్లో ఉన్నంతకాలం దేవేన్‌కి ‘సరే’ అనదు. వార్డులో గుసగుసలు మొదలయ్యాక అతను ఉద్యోగమే వదిలి వెళ్లిపోతాడు. పెళ్లి మాట మళ్లీ వచ్చేది అతని చేతిలో తాళాలు లేనప్పుడు, ఆమె విడుదల దగ్గరపడినప్పుడు, అదీ జైలరు నోటి మీదుగా, అతని తల్లి అంగీకారంతో. స్క్రీన్‌ప్లే రాసిన నబేందు ఘోష్ ఈ జాగ్రత్తలన్నీ చట్టం చదివి తీసుకోలేదు, ఆ చట్టం అప్పటికి లేదు. మనుషుల్ని చదివి తీసుకున్నాడు.

ఇదే చిక్కును అమెరికావాళ్లు ఎలా వాడుకున్నారో చూస్తే తమాషాగా ఉంటుంది. 2005లో ఫాక్స్ టీవీలో మొదలైన ‘ప్రిజన్ బ్రేక్’లో ఖైదీ మగవాడు, డాక్టరు ఆడమనిషి. అన్నను తప్పించడానికి కావాలని జైలుకొచ్చిన మైకేల్ స్కోఫీల్డ్ లేని మధుమేహాన్ని ఉందని నమ్మించి, రోజూ ఇన్సులిన్ కోసం డాక్టర్ సారా టాంక్రెడీ దగ్గరికి వెళ్తాడు. అతనికి కావలసింది ఆస్పత్రి గది, ఆ గదికున్న దారి. ప్రేమ తరవాత పుడుతుంది, అబద్ధం మీద పుడుతుంది. చివరికి ఆమె తలుపు గడియ వేయకుండా వదిలేస్తుంది. ఆ ఒక్క పనికి ఆమె బతుకంతా తలకిందులవుతుంది. కథ బిగువుగానే ఉంటుంది, కాదనలేం. కానీ అందులో ప్రేమ అంటే చివరికి ఒక తాళంచెవి. బిమల్ రాయ్ సినిమాలో ఎవరూ పారిపోరు. తలుపు చట్టప్రకారం తెరుచుకున్నాకే అసలు కథ ముడి విప్పుకుంటుంది.

నూతన్ ‘బందిని’కి ముందే ఇలాంటి గోడల మధ్య ఒకసారి నటించింది. 1955 నాటి ‘సీమా’లో చెయ్యని దొంగతనం మోయాల్సివచ్చిన అనాథ పిల్ల ఆశ్రమంలో పడి, చివరికి ఆ ఆశ్రమాన్ని నడిపే మనిషినే ప్రేమిస్తుంది. ఆ సినిమా ఆమెకు మొదటి ఫిల్మ్‌ఫేర్ బహుమతి తెచ్చింది. అక్కడ కాపలాదారుడి ప్రేమే గమ్యం. ఎనిమిదేళ్ల తరవాత అదే నటి ఆ గమ్యం దాకా వచ్చి పక్కకు తిరిగిపోతుంది.

ఎందుకు తిరిగిపోయింది? అరవై ఏళ్లుగా ‘బందిని’ చూసినవాళ్లు పోట్లాడుకునేది ఈ ప్రశ్న మీదే. జవాబు కోసం కల్యాణి గతంలోకి వెళ్లాలి. మంచివాడైన జైలరు ఆమె చేత ఆ గతాన్ని రాయిస్తాడు. ఖైదీ చేత కథ రాయించే జైలరు! జరాసంధుడు తన బొమ్మ తానే వేసుకున్న చోటు ఇదేనేమో.

పల్లెటూరి పోస్టుమాస్టరు కూతురు కల్యాణి. అదే ఊళ్లో బికాశ్ అనే విప్లవకారుణ్ని ప్రభుత్వం నిర్బంధంలో ఉంచుతుంది. ఆ రోజుల్లో బెంగాల్ ప్రభుత్వానికి ఇదొక పద్ధతి: విచారణ లేకుండానే పట్టుకున్న యువకుల్ని మారుమూల పల్లెల్లో పోలీసు నిఘా కింద పెట్టేవాళ్లు. ఆ పాత్ర అశోక్ కుమార్‌ది. అతనికి జబ్బు చేసిన రాత్రి కల్యాణి దగ్గరుండి చూస్తుంది. తెల్లారేసరికి ఊరికి కావలసినంత కబురు దొరుకుతుంది. ఆమె తన భార్యేనని అందరి ముందూ చెప్పి, తిరిగొస్తానని మాటిచ్చి వెళ్లిన బికాశ్ రాడు. వేరే పెళ్లి చేసుకున్నాడని తెలుస్తుంది. ఊళ్లో తండ్రి తలెత్తుకోలేని స్థితి చూడలేక ఆమె పట్నం పోయి, ఒక ఆస్పత్రిలో పనికి కుదురుతుంది. అక్కడ ఆమెకు అప్పగించిన రోగి మనసు స్థిమితం లేని, నోటికొచ్చినట్టు తిట్టే ఒక స్త్రీ. కూతుర్ని వెతుక్కుంటూ పట్నం వచ్చిన తండ్రి ప్రమాదంలో చనిపోయాడన్న వార్త, ఈ రోగి బికాశ్ భార్యేనన్న నిజం, రెండూ ఒకేసారి ఆమె నెత్తిన పడతాయి. ఆమె విషం కలుపుతుంది.

ఆ దృశ్యం గురించి ఆగి చెప్పుకోవాలి. మాట లేదు, ఏడుపు లేదు. పక్కనెక్కడో ఇనుము మీద సుత్తి దెబ్బలు. వెల్డింగ్ మంట వెలుతురు కల్యాణి మొహం మీద పడి ఆరిపోతూ ఉంటుంది. వెలిగినప్పుడు ఒక మనిషి, ఆరినప్పుడు ఇంకో మనిషి. కెమెరామన్ కమల్ బోస్‌కీ, శబ్దం చూసిన డి. బిల్లిమోరియాకీ ఆ ఏడాది ఫిల్మ్‌ఫేర్ బహుమతులు వచ్చాయి. అవి ఈ ఒక్క దృశ్యానికే ఇచ్చినా తక్కువే. నూతన్ కనురెప్ప కూడా కథ చెబుతుంది. పెళ్లయి, కొడుకు పుట్టాక మళ్లీ కెమెరా ముందుకొచ్చి చేసిన పని అది.

ఇప్పుడు లెక్క చూసుకోవాలి. ఊరు ఆమెను వెలివేసింది ఒక రోగి మంచం పక్కన కూర్చున్నందుకు. ఆమె హంతకురాలైంది ఇంకో రోగి మంచం పక్కన. డాక్టరు ప్రేమలో పడింది మూడో మంచం పక్కన, ఆ క్షయరోగి దగ్గర. ఆఖరున స్టీమరు రేవులో ఎదురయ్యే బికాశ్ తిరిగి కోలుకునేలా లేని జబ్బుమనిషి. కల్యాణి బతుకులో మలుపులు నాలుగు, నాలుగింటా ఒక మంచం ఉంది, నాలుగింటా ఆమె మంచం మీద కాదు, పక్కన ఉంది. పేరుకు డాక్టరు దేవేన్. సినిమా పొడుగునా ఉపచారం చేసింది మాత్రం కల్యాణి.

ఈ సంగతి ఒకసారి కంటబడ్డాక దేవేన్ ప్రేమలోని లోటు కూడా కనబడుతుంది. అతను ఉత్తముడు. అతని ప్రేమలో మోసం లేదు. కాని అతను ఆమెలో నయం చెయ్యాల్సిన మనిషిని చూశాడు. ‘జరిగిందంతా మర్చిపో’ అనే క్షమ ఎంత తియ్యనిదైనా, వైద్యుడు రోగికిచ్చేదే. ఆ ఇంట్లో ఆమెను ఎవరూ ఒక్క మాట అనరు, నిజమే. అననందుకు ఆమె రోజూ కృతజ్ఞతతో ఉండాలి. జైలును వేళాకోళంగా అత్తారిల్లు అనే అలవాటు మనకుంది. కల్యాణి విషయంలో ఆ వేళాకోళం కాస్త నిజానికి దగ్గరగా వచ్చి ఆగిందని ఈ ఉపన్యాసకుడి అభిప్రాయం.

దీనికి గట్టి ఎదురువాదన ఉంది, దాన్ని దాటవేయకూడదు. మాటిచ్చి మోసం చేసినవాడి దగ్గరికి, తన తండ్రి చావుకు కారణమైనవాడి దగ్గరికి, చివరికి సేవ చేయడానికే తిరిగి వెళ్లడం ఏం స్వేచ్ఛ? పార్టీ ఆజ్ఞ మీద ఆ పెళ్లి చేసుకున్నాడని ఆఖర్లో చెప్పించి బికాశ్‌ను కడిగేయడం కథకులు వాడిన సులువైన సబ్బు కాదా? అవును, అక్కడ కొంచెం సబ్బే. దేశం కోసమన్న మాట రాగానే మగవాడి తప్పు తేలికైపోవడం ఆ కాలపు సినిమాల్లో మామూలు. ఆ రేవు దృశ్యంలో బికాశ్ పక్షాన వచ్చే సంజాయిషీ ఇప్పుడు చూస్తే కొంచెం ఎక్కువగానే వినిపిస్తుంది. అయినా ఆమె పరుగెత్తింది ఆ సంజాయిషీ వైపు కాదు. సంజాయిషీ విన్నవాళ్లు నిదానంగా నడుస్తారు. ఆమె చూసింది ఒంటరిగా దగ్గుతున్న మనిషిని. చేతకానివాడి పక్కన నిలబడటం ఆమెకు తెలిసిన ఒకే ఒక భాష, ఒక్కసారి ఆ భాషలోనే ఆమె హత్య చేసింది. మళ్లీ అదే భాషలో మాట్లాడగలనా అన్నది ఆమెకూ ఆమెకూ మధ్య తేలాల్సిన లెక్క. దేవేన్ ఇంట్లో ఆ లెక్క తేలదు.

పాటలూ ఇదే చెబుతాయి. ఎస్.డి. బర్మన్ సంగీతంలో కల్యాణి పాడే రెండు పాటలు లతా మంగేష్కర్ గొంతులో, రెండూ పల్లెటూరి రోజులవి. అందులో ఒకటి గుల్జార్ తొలి సినిమా పాటగా పేరుపడింది. మోటారు గ్యారేజీలో పనిచేస్తున్న ఆ కుర్రవాడికి, పాటలు రాస్తున్న శైలేంద్రకీ బర్మన్‌కీ మాట పట్టింపు వచ్చిన సందులో ఆ అవకాశం దొరికింది. జైల్లోని ఆడవాళ్ల పాటలు రెండూ ఆశా భోంస్లేవి. ఒకటి తిరగలి విసురుతూ పాడేది: శ్రావణానికి అన్నను పంపి నన్ను పుట్టింటికి తీసుకుపొమ్మని తండ్రిని అడిగే కూతురి పాట. ఆషాఢానికి పుట్టింటి బండి కోసం వీధివైపు చూసిన తెలుగు ఆడపిల్లకి దానికి అర్థం చెప్పక్కర్లేదు. జైలు గోడల మధ్య పాడేవాళ్లలో కల్యాణి లేదు. వింటుంది, అంతే. జైల్లోని మరో విప్లవకారుణ్ని ఉరికంబానికి తీసుకెళ్లే వేళ మన్నా డే గొంతు లేస్తుంది. రాత్రి కాపలావాడు అంతా సవ్యంగా ఉందని కేకవేస్తుంటాడు. అంతకంటే చేదైన వెక్కిరింత ఆ సినిమాలో మరొకటి లేదు.

ఇలాంటి కల్యాణులు కల్పన మాత్రమే కాదనడానికి మన దగ్గరే ఒక సాక్ష్యం ఉంది. బిమల్ రాయ్ పుట్టిన మూడు రోజులకు, 1909 జులై 15న, రాజమండ్రిలో దుర్గాబాయి పుట్టింది. ఉప్పు సత్యాగ్రహంతో మొదలుపెట్టి 1930 నుంచి 1933 లోపల మూడుసార్లు జైలుకెళ్లింది. అంటే ‘బందిని’ కథ జరిగే రోజులే. జైల్లో ఆమెకు ఎదురైనవాళ్లలో హత్యానేరాల మీద శిక్షలు పడిన ఆడవాళ్లున్నారు. తమ తరఫున ఏం చెప్పుకోవాలో, ఎవరితో చెప్పించుకోవాలో తెలియక శిక్ష నెత్తినేసుకున్నవాళ్లు. వాళ్లను చూశాకే లా చదవాలని నిశ్చయించుకున్నానని ఆమె తరవాత రాసుకుంది. చదివింది, మద్రాసులో ప్రాక్టీసు చేసింది, రాజ్యాంగ సభలో కూర్చుంది. డాక్టరు దయ అక్కర్లేని సాయం ఒకటుందని ఆ జీవితం చూపిస్తుంది. కల్యాణికి కోర్టులో అలాంటి మనిషి దొరకలేదు. దొరికినా ఆమె నోరు విప్పేది కాదేమో, నేరం తనదేనని ఒప్పుకున్న మనిషి.

నూతన్ నాలుగో ఫిల్మ్‌ఫేర్ బహుమతి తెలుగు కథకే వచ్చింది. మన ‘మూగమనసులు’ను ఆదుర్తి సుబ్బారావు 1967లో ‘మిలన్’గా తీసినప్పుడు సావిత్రి పాత్ర ఆమెదైంది. గోదావరి పడవ కథ అది. ‘బందిని’లోనూ చివరికి మిగిలేది నీళ్లే. రేవులో ఒకవైపు రైలు, ఒకవైపు స్టీమరు. రైలు దేవేన్ ఊరికి. స్టీమరు కూత వేస్తుంది. అంతదాకా కొంగు సర్దుకుంటూ నిలబడ్డ కల్యాణి ఆఖరి క్షణంలో పరుగెత్తుతుంది. బర్మన్ తన ముసలి గొంతుతో, పడవవాడి వరసలో పాడుతూ ఉంటాడు. బికాశ్ పక్కకు చేరిన ఆమెను స్టీమరు తీసుకుపోతుంది. అక్కడ దేవేన్ తల్లి కోడలి కోసం చూస్తూ ఉండి ఉంటుంది. ఆ ఇంటికి కబురు ఎవరు మోసుకెళ్లారో బిమల్ రాయ్ చూపించలేదు.